కీటకం రెక్క ఊపు నుంచి గాలి బలాలను లెక్కించడం: మొదటి కొలత నుంచి చివరి సరిచూపు దాకా

ఎగురుతున్న కీటకాన్ని హైస్పీడ్ కెమెరాతో చిత్రీకరించిన వారిలో చాలామంది ఒకే చోట ఆగిపోతారు. రెక్క కదలిక కంటికి కనిపిస్తూనే ఉంటుంది, కానీ దాని నుంచి ఎంత లిఫ్ట్ (రెక్క కదలికకు లంబంగా పుట్టి, కీటకాన్ని పైకి మోసే గాలి బలం) పుట్టిందో, ఏ క్షణంలో పుట్టిందో ఎలా తేల్చాలో తెలియదు. పాఠకులు పదే పదే అడుగుతున్నది ఇదే కాబట్టి, ఈ వ్యాసం ఆ పనిని వరుసక్రమంలో చేసే విధానానికే పరిమితమవుతుంది.

ఒక విషయం ముందే మనసులో పెట్టుకోవాలి. కీటకం పుట్టించే బలంలో రెక్క ఆకారం పాత్ర కంటే రెక్క కదిలే తీరు పాత్ర చాలా పెద్దది. రెక్క ఎంత వేగంతో ఊగుతోంది, గాలిని ఏ కోణంలో కోస్తోంది, ఊపు చివర ఎప్పుడు తిరగబడుతోంది అన్న మూడింటిని సరిగ్గా కొలవగలిగితే మిగిలిన లెక్క పెద్దగా ఇబ్బంది పెట్టదు. అందువల్ల ఈ పనిలో శ్రమ ఎక్కువగా పడవలసింది సూత్రాల మీద కాదు, కొలతల మీద.

1. లెక్క పరిధిని ముందే నిర్ణయించుకోండి

కీటకం ఒకేచోట గాలిలో నిలబడి ఉందా, ముందుకు ఎగురుతోందా అన్నది మొదట తేల్చాలి. శరీరం ముందుకు సాగే వేగాన్ని రెక్క కొన సగటు వేగంతో భాగించండి. వచ్చిన సంఖ్య 0.1 కంటే తక్కువైతే దాన్ని నిలకడ ఎగరడంగా పరిగణించవచ్చు. అంతకంటే ఎక్కువైతే ప్రతి క్షణంలోనూ శరీర వేగాన్ని రెక్క వేగానికి సదిశగా కలపవలసి ఉంటుంది.

మొదటిసారి చేసేవారు నిలకడ ఎగరడాన్నే ఎంచుకోవడం మంచిది. అక్కడ సగటు లిఫ్ట్ కీటకం బరువుకు సమానం కావాలి, సగటు క్షితిజ సమాంతర బలం సున్నా కావాలి. మీ లెక్కను సరిచూసుకోవడానికి ఇంతకంటే నమ్మకమైన కొలబద్ద ఈ రంగంలో మరొకటి దొరకదు.

జిగురుతో సూదికి అతికించిన కీటకాన్ని చిత్రీకరించడం సులువే, కానీ ఆ స్థితిలో అది తన బరువును తాను మోయనవసరం లేదు కాబట్టి రెక్క ఊపును మార్చేస్తుంది. అలాంటి చిత్రం నుంచి వచ్చిన లిఫ్ట్ బరువుతో సరిపోకపోతే తప్పు లెక్కలో ఉందో, కీటకం ప్రవర్తనలో ఉందో చెప్పలేరు.

2. ఊపు కాకుండా సిద్ధం చేసుకోవలసిన కొలతలు

చిత్రీకరణ మొదలుపెట్టక ముందే ఈ పట్టిక ఖాళీగా గీసి పెట్టుకోండి.

□ కీటకం ద్రవ్యరాశి
□ కీలు నుంచి కొన దాకా రెక్క పొడవు
□ ఒక్కో రెక్క వైశాల్యం
□ రెక్క పొడవునా వెడల్పు మారే తీరు
□ గాలి ఉష్ణోగ్రత, దాని నుంచి సాంద్రత, స్నిగ్ధత

ద్రవ్యరాశిని చిత్రీకరణ ముగిసిన వెంటనే తూచాలి, ఎందుకంటే చిన్న కీటకాలు నీటిని త్వరగా కోల్పోయి తేలికవుతాయి. పండ్ల ఈగ ద్రవ్యరాశి సుమారు 1 మిల్లీగ్రామే కాబట్టి మైక్రోబ్యాలెన్స్ తప్పనిసరి. పది ఈగలను కలిపి తూచి సగటు తీయడం కంటే, చిత్రంలో ఉన్న ఈగనే తూచడం ఎంతో మేలు.

రెక్కను వేరుచేసి, చదునుగా పరచి, పక్కన స్కేలుతో స్కాన్ చేయండి. పొడవునా కనీసం ఇరవై పట్టీలుగా విభజించి, ఒక్కో పట్టీ వైశాల్యాన్ని, కీలు నుంచి దాని దూరాన్ని రాసుకోండి. పట్టీ వైశాల్యాన్ని దూరపు వర్గంతో గుణించి, అన్నింటినీ కలిపి, మొత్తం వైశాల్యంతో భాగించి, వర్గమూలం తీస్తే వైశాల్య భ్రమణ వ్యాసార్ధం వస్తుంది. ఇది సాధారణంగా రెక్క పొడవులో 0.5 నుంచి 0.6 వంతు ఉంటుంది. మీకు 0.4 గానీ 0.75 గానీ వస్తే పట్టీల దూరాలను కీలు నుంచి కాకుండా మరెక్కడి నుంచో కొలిచారని అనుమానించాలి.

తేనెటీగలో ముందు రెక్క, వెనుక రెక్క చిన్న కొక్కేలతో కలిసి ఒకే తలంగా ఊగుతాయి కాబట్టి రెండింటి వైశాల్యాన్ని కలిపి ఒకటిగా లెక్కించాలి. తూనీగలో అవి విడివిడిగా ఊగుతాయి, పైగా వెనుక రెక్క ముందు రెక్క వదిలిన గాలిలో పనిచేస్తుంది. మొదటి ప్రయత్నానికి తూనీగను ఎంచుకోవద్దన్నది నా సలహా.

3. చిత్రీకరణ

ఒక పూర్తి ఊపుకు కనీసం 25 ఫ్రేములు ఉండాలి. పండ్ల ఈగ సెకనుకు సుమారు 200 సార్లు రెక్కలాడిస్తుంది కాబట్టి సెకనుకు 5,000 ఫ్రేములు కావాలి. సుమారు 25 హెర్ట్జ్ దగ్గర ఊగే పొగాకు హాక్‌మాత్ అనే పెద్ద చిమ్మటకు 625 ఫ్రేములు చాలు. అదే 700 హెర్ట్జ్ దగ్గర రెక్కలాడించే క్యూలెక్స్ దోమకు 17,500 ఫ్రేములు కావాలి.

ఫ్రేముల వేగం కంటే ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది షట్టర్ తెరిచి ఉండే సమయం. పండ్ల ఈగ రెక్క కొన ఊపు మధ్యలో సెకనుకు సుమారు 3.8 మీటర్ల వేగం అందుకుంటుంది. షట్టర్ 100 మైక్రోసెకన్లు తెరిచి ఉంటే ఆ లోపు కొన 0.38 మిల్లీమీటర్లు జరిగిపోతుంది, అంటే రెక్క వెడల్పులో దాదాపు సగం. అటువంటి మసక అంచు నుంచి కోణం కొలవడం కుదరదు. షట్టర్‌ను 10 మైక్రోసెకన్లకు తగ్గిస్తే కదలిక 0.04 మిల్లీమీటర్లకు దిగుతుంది, కానీ వెలుతురు అంతకు పది రెట్లు కావాలి. ఆ వెలుతురును కీటకం వెనుక నుంచి, పరారుణ దీపాలతో ఇవ్వండి. కంటికి కనిపించే తీవ్రమైన కాంతి కీటకం ఎగిరే తీరును చెడగొడుతుంది, పరారుణ కాంతి దాదాపుగా దాన్ని కదిలించదు.

కెమెరాలు కనీసం రెండు, వీలైతే మూడు, ఒకదానికొకటి లంబంగా ఉండాలి. ఒక్క కెమెరాతో తీసిన చిత్రం పౌనఃపున్యాన్ని చెప్పగలదు, ఊపు కోణాన్ని (రెక్క ఒక చివర నుంచి మరో చివర దాకా ఊగే మొత్తం కోణం) ఉజ్జాయింపుగా చెప్పగలదు, రెక్క తిరుగుడు కోణాన్ని మాత్రం చెప్పలేదు. అన్ని కెమెరాలూ ఒకే సంకేతంతో ఒకేసారి ఫ్రేము తీసుకుంటున్నాయో లేదో చూసుకోవాలి.

క్యాలిబ్రేషన్‌కు కీటకం ఎగిరే ప్రదేశమంతా నిండేలా తెలిసిన దూరాలున్న చట్రాన్ని వాడండి. ఈ దశలో పొదుపు చేయవద్దు. పొడవుల కొలబద్దలో 5 శాతం తప్పు దొర్లితే, వైశాల్యం పొడవు వర్గం మీద, వేగ వర్గం మళ్ళీ పొడవు వర్గం మీద ఆధారపడతాయి కాబట్టి బలంలో తప్పు సుమారు 21 శాతానికి చేరుతుంది.

ఫోన్ కెమెరాతో మొదలుపెట్టేవారికి ఒక హెచ్చరిక. సెకనుకు 240 ఫ్రేములతో 200 హెర్ట్జ్ రెక్కను తీస్తే అది 40 హెర్ట్జ్ దగ్గర, అదీ వెనక్కి ఊగుతున్నట్టు కనిపిస్తుంది. చూడడానికి అది చాలా నమ్మదగినట్టే ఉంటుంది. అందుకే పౌనఃపున్యాన్ని మైక్రోఫోన్‌తో విడిగా కొలిచి సరిచూసుకోండి. ఆ ధ్వని వర్ణపటంలోనూ రెండో అనుస్వరం (హార్మోనిక్, అంటే అసలు పౌనఃపున్యానికి రెట్టింపు దగ్గర వచ్చే శిఖరం) మొదటిదానికంటే బలంగా ఉండవచ్చు కాబట్టి, అతి ఎత్తైన శిఖరాన్ని కాక సమదూరంలో ఉన్న శిఖరాల మధ్య ఎడాన్ని పౌనఃపున్యంగా తీసుకోవాలి.

4. ఊపును మూడు కోణాలుగా విడదీయండి

ముందుగా రెక్క కొన గీసిన దారికి అత్యంత దగ్గరగా ఉండే తలాన్ని కనుక్కోండి. దాన్ని ఊపు తలం అంటారు. ఈగలు, తేనెటీగలు, హాక్‌మాత్‌లు గాలిలో నిలబడినప్పుడు ఈ తలం దాదాపు క్షితిజ సమాంతరంగా ఉంటుంది. తూనీగలలో అది బాగా వాలి ఉంటుంది.

ఆ తలం ఆధారంగా ప్రతి ఫ్రేములో మూడు కోణాలు కొలవాలి. మొదటిది, తలంలో రెక్క ముందుకు వెనక్కి ఎక్కడ ఉందో చెప్పే స్థాన కోణం. రెండోది, తలం నుంచి రెక్క ఎంత పైకి లేదా కిందికి తప్పిందో చెప్పే విచలన కోణం. మూడోది, రెక్క తన పొడవునా ఉన్న అక్షం చుట్టూ ఎంత తిరిగిందో చెప్పే తిరుగుడు కోణం.

మూడో కోణం కొలవడమే కష్టం. రెక్క ముందంచు మీద రెండు బిందువులు, వెనకంచు మీద కనీసం ఒక బిందువు గుర్తిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఈగ రెక్క విషయంలో అది చాలావరకు నిజమే. హాక్‌మాత్, మిడత, సీతాకోకచిలుక రెక్కలు మాత్రం ఊపులో మెలిపడతాయి, కాబట్టి మొదట్లో, మధ్యలో, కొన దగ్గర మూడు అడ్డుకోతల వద్ద విడివిడిగా తిరుగుడు కోణం కొలవాలి.

తిరుగుడు కోణం, అటాక్ యాంగిల్ ఒకటి కావు. మొదటిది ఊపు తలంతో రెక్క చేసే కోణం. రెండోది ఆ క్షణంలో రెక్క కదులుతున్న దిశతో రెక్క చేసే కోణం. రెక్క తలం వెంటే కదులుతున్నంతసేపు రెండూ కలిసి ఉంటాయి. విచలనం వేగంగా మారుతున్నప్పుడు, శరీరం ముందుకు సాగుతున్నప్పుడు అవి విడిపోతాయి. లెక్కలోకి వెళ్ళవలసింది ఎప్పుడూ రెండోదే.

5. కోణాలను నునుపు చేయడం

కొలిచిన కోణాల్లో ఎప్పుడూ కొంత గజిబిజి ఉంటుంది. వేగం కోసం ఒకసారి, త్వరణం కోసం మరోసారి అవకలనం చేసినప్పుడు ఆ గజిబిజి రెట్టింపులు రెట్టింపులుగా పెరుగుతుంది. అందువల్ల ముడి అంకెలను నేరుగా అవకలనం చేయవద్దు.

ఒక్కో కోణానికి ఫోరియర్ శ్రేణి (అనేక సైన్, కొసైన్ వక్రాల మొత్తం) అమర్చండి. స్థాన కోణానికి నాలుగు అనుస్వరాలు సాధారణంగా చాలు. తిరుగుడు కోణం ఊపు చివర్లలో చప్పున మారుతుంది కాబట్టి ఆరు నుంచి ఎనిమిది దాకా అవసరం కావచ్చు. అమర్చిన వక్రాన్ని ముడి బిందువుల మీద గీసి కంటితో చూడండి. ఊపు తిరగబడే చోట వక్రం బిందువులను కోసుకుంటూ పోతుంటే అనుస్వరాలు తక్కువయ్యాయని అర్థం. ఊపు మధ్యలో అలలు కనిపిస్తే ఎక్కువయ్యాయని అర్థం.

6. రేనాల్డ్స్ సంఖ్య

రెక్క కొన సగటు వేగం = 2 × ఊపు కోణం (రేడియన్లలో) × పౌనఃపున్యం × రెక్క పొడవు. ఈ వేగాన్ని రెక్క సగటు వెడల్పుతో గుణించి, గాలి కినమాటిక్ స్నిగ్ధతతో (స్నిగ్ధతను సాంద్రతతో భాగిస్తే వచ్చేది) భాగిస్తే రేనాల్డ్స్ సంఖ్య వస్తుంది. ప్రవాహంలో స్నిగ్ధతతో పోలిస్తే జడత్వం ఎంత పెద్దదో ఇది చెబుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర ఆ స్నిగ్ధత సెకనుకు సుమారు 0.000015 చదరపు మీటర్లు.

పండ్ల ఈగకు ఇది 100 నుంచి 200 మధ్య, హాక్‌మాత్‌కు కొన్ని వేలు ఉంటుంది. ఎన్‌కార్సియా ఫార్మోసా అనే అతి చిన్న కందిరీగకు 10 నుంచి 20 దాకా మాత్రమే ఉంటుంది. ఏ గుణకాలు వాడాలో ఈ సంఖ్యే నిర్ణయిస్తుంది. 100 కంటే బాగా కిందికి దిగితే కింద ఇచ్చిన గుణకాలు వాడకూడదు, ఎందుకంటే అక్కడ స్నిగ్ధత పైచేయి సాధించి డ్రాగ్ (కదలికను అడ్డుకునే గాలి బలం) బాగా పెరుగుతుంది, లిఫ్ట్ తగ్గుతుంది.

7. ఊపు వేగం వల్ల పుట్టే బలం

మొత్తం లిఫ్ట్‌లో అధిక భాగం ఇక్కడి నుంచే వస్తుంది, కాబట్టి ఈ దశలో నింపాదిగా వ్యవహరించాలి.

ముందుగా, గుణకం ఏదీ ఊహించకుండా, కీటకం తన బరువు మోయడానికి సగటున ఎంత లిఫ్ట్ గుణకం (½ × సాంద్రత × వైశాల్యం × వేగ వర్గం అన్న లబ్ధానికి లిఫ్ట్ ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య) కావాలో వెనక్కి లెక్కించండి. గుండ్రటి అంకెలతో పండ్ల ఈగ ఉదాహరణ తీసుకుందాం: రెక్క పొడవు 2.5 మిల్లీమీటర్లు, సగటు వెడల్పు 0.8 మిల్లీమీటర్లు, రెండు రెక్కల వైశాల్యం 4 చదరపు మిల్లీమీటర్లు, భ్రమణ వ్యాసార్ధం 1.45 మిల్లీమీటర్లు, ఊపు కోణం 140 డిగ్రీలు అంటే 2.44 రేడియన్లు, పౌనఃపున్యం 200 హెర్ట్జ్, ద్రవ్యరాశి 1 మిల్లీగ్రాము.

అ) ఊపు సైన్ వక్రంలా ఉందనుకుంటే గరిష్ఠ కోణీయ వేగం 3.14 × 2.44 × 200, అంటే సెకనుకు సుమారు 1,530 రేడియన్లు.

ఆ) కోణీయ వేగ వర్గపు సగటు, గరిష్ఠ వర్గంలో సగం, అంటే సుమారు 11.7 లక్షలు.

ఇ) దీన్ని భ్రమణ వ్యాసార్ధపు వర్గంతో (మీటర్లలో) గుణిస్తే వేగ వర్గపు సగటు సుమారు 2.47 వస్తుంది.

ఈ) ½ × గాలి సాంద్రత 1.2 × వైశాల్యం 0.000004 × 2.47 = సుమారు 5.9 మైక్రోన్యూటన్లు.

ఉ) ఈగ బరువు 9.8 మైక్రోన్యూటన్లు. 9.8 ని 5.9 తో భాగిస్తే కావలసిన సగటు గుణకం సుమారు 1.65.

ఒకే దిశలో నిలకడగా వీచే గాలిలో పెట్టిన ఇంత చిన్న రెక్క గుణకం 1 దాటడమే కష్టం. ఊగే రెక్క మాత్రం 1.8 దాకా ఇవ్వగలదు. రెక్క నిటారు కోణంలో గాలిని కోస్తున్నప్పుడు ముందంచు మీదుగా వేరుపడిన ప్రవాహం ఒక సుడిగా చుట్టుకుని రెక్క పై తలానికి అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ ముందంచు సుడిలోని అల్పపీడనమే అదనపు లిఫ్ట్‌కు మూలం. 1996లో చార్లెస్ ఎల్లింగ్టన్ బృందం హాక్‌మాత్ విషయంలో పొగతో దీన్ని చూపించింది. నేరుగా ముందుకు జరిగే రెక్క మీద ఈ సుడి కొన్ని రెక్క వెడల్పుల దూరం పోయేసరికి ఊడిపోతుంది. కీలు చుట్టూ వృత్తాకారంలో ఊగే రెక్క మీద అది నిలుస్తుంది. కాబట్టి గుణకాలను ఎప్పుడూ ఊగే లేదా కీలు చుట్టూ తిరిగే రెక్క మీద చేసిన ప్రయోగాల నుంచే తీసుకోవాలి. విమాన రెక్కల పట్టికలు ఇక్కడ పనికిరావు, ఎంత చిన్న రెక్కకు చెందినవైనా సరే.

పండ్ల ఈగ స్థాయికి, 1999లో మైఖేల్ డికిన్సన్, లేమన్, సానే ప్రచురించిన గుణకాలు వాడవచ్చు. కోణాలు డిగ్రీల్లో ఉండాలి.

లిఫ్ట్ గుణకం = 0.225 + 1.58 × సైన్ (2.13 × అటాక్ యాంగిల్ − 7.2)
డ్రాగ్ గుణకం = 1.92 − 1.55 × కొసైన్ (2.04 × అటాక్ యాంగిల్ − 9.82)

మీ ప్రోగ్రాం సరిగ్గా పనిచేస్తోందో లేదో ఈ విలువలతో పోల్చుకోండి.

20 డిగ్రీలు: లిఫ్ట్ 1.14, డ్రాగ్ 0.59
30 డిగ్రీలు: లిఫ్ట్ 1.55, డ్రాగ్ 0.95
45 డిగ్రీలు: లిఫ్ట్ 1.80, డ్రాగ్ 1.70
60 డిగ్రీలు: లిఫ్ట్ 1.58, డ్రాగ్ 2.52

ఇప్పుడు ప్రతి క్షణానికి, ప్రతి పట్టీకి బలాన్ని లెక్కించి కలపండి. లిఫ్ట్‌ను పట్టీ కదలిక దిశకు లంబంగా, డ్రాగ్‌ను దానికి ఎదురుగా ఉంచి, తర్వాతే నిలువు, అడ్డం భాగాలుగా విడదీయాలి. ఊపు తలం వాలి ఉన్న కీటకంలో డ్రాగ్‌లో కొంత భాగం కూడా బరువు మోయడానికి ఉపయోగపడుతుంది కాబట్టి, లిఫ్ట్ అనగానే నిలువు బలం అనుకోవడం అక్కడ తప్పవుతుంది.

డ్రాగ్ రెండు అర్ధ ఊపుల్లో రద్దవుతుంది కదా అని దాన్ని వదిలేసేవారున్నారు. రద్దయ్యేది బలం మాత్రమే, దాన్ని అధిగమించడానికి కండరాలు పెట్టిన శక్తి కాదు. 45 డిగ్రీల దగ్గర డ్రాగ్ దాదాపు లిఫ్ట్ అంత ఉంటుందని పై పట్టికే చెబుతోంది.

ఇంకొక సాధారణ పొరపాటు, రెక్క కిందికి నెట్టిన గాలి వేగాన్ని లెక్కించి దాన్ని అటాక్ యాంగిల్ నుంచి తీసివేయడం. పై గుణకాలను ఊగే నమూనా మీద, రెక్క కదలిక దిశతో చేసే కోణానికి కొలిచారు కాబట్టి ఆ ప్రభావం వాటిలోనే ఇమిడి ఉంది. మళ్ళీ తీసివేస్తే దాన్ని రెండుసార్లు లెక్కించినట్టే.

8. రెక్క తిరగబడే క్షణం

ముందు ఊపు ముగిసి వెనుక ఊపు మొదలయ్యే చోట రెక్క తన పొడవు అక్షం చుట్టూ సుమారు 90 డిగ్రీలు తిరుగుతుంది, అందువల్ల వెనుక ఊపులోనూ ముందంచే ముందు నడుస్తుంది. ఈ తిరుగుడు తనంతట తానే ఒక బలాన్ని పుట్టిస్తుంది.

పట్టీ పొడవుకు ఆ బలం = తిరుగుడు గుణకం × గాలి సాంద్రత × పట్టీ ఊపు వేగం × తిరుగుడు కోణీయ వేగం × వెడల్పు వర్గం. తిరుగుడు గుణకానికి సిద్ధాంతం చెప్పే విలువ 3.14 × (0.75 − అక్షం స్థానం). ఇక్కడ అక్షం స్థానమంటే ముందంచు నుంచి వెడల్పులో ఎన్నో వంతు దగ్గర అక్షం ఉందో ఆ భిన్నం. అక్షం పావు వంతు దగ్గర ఉంటే గుణకం 1.57. బలం రెక్క తలానికి లంబంగా ఉంటుంది.

ఈ సూత్రం కంటే ముఖ్యమైనది తిరుగుడు మొదలయ్యే వేళ. ఊపు దిశ మారక ముందే రెక్క తిరగడం పూర్తయితే బలం పైకి తోస్తుంది. దిశ మారిన తర్వాత తిరిగితే అదే బలం కిందికి లాగుతుంది. రెండింటి నడుమ సమంగా పడితే ఆ రెండు ప్రభావాలూ చాలావరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఊపు కాలంలో కొద్ది శాతం తేడా గుర్తునే మార్చేస్తుంది కాబట్టి, నునుపు చేసే దశలో తిరుగుడు కోణాన్ని ఏ కాస్త ముందుకో వెనక్కో జరిపేసినా ఇక్కడ తప్పుడు జవాబు వస్తుంది. స్థాన కోణాన్ని ఒక ఫిల్టర్‌తో, తిరుగుడు కోణాన్ని మరో ఫిల్టర్‌తో నునుపు చేసి వాటి ఆలస్యాలను పట్టించుకోకపోవడం ఈ తప్పుకు మామూలు కారణం.

9. రెక్కతో పాటు కదిలే గాలి బరువు

రెక్క వేగం పెంచుకున్నప్పుడు చుట్టూ ఉన్న కొంత గాలినీ తనతో పాటు త్వరణానికి గురిచేయాలి. పట్టీ పొడవుకు ఆ గాలి ద్రవ్యరాశిని, పట్టీ వెడల్పు వ్యాసంగా గల స్తంభంలోని గాలిగా తీసుకోండి. దాన్ని రెక్క తలానికి లంబంగా ఉన్న త్వరణంతో గుణించాలి. ముందు ఊపు, వెనుక ఊపు ఒకేలా ఉంటే ఒక పూర్తి ఊపులో దీని సగటు నిలువు భాగం చాలా చిన్నది. క్షణక్షణం బలం గీసేటప్పుడు మాత్రం ఊపు చివర్లలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

10. ఈ లెక్కకు అందనివి

రెక్క తిరగబడి వెనక్కి వచ్చేటప్పుడు తాను కొద్ది క్షణాల క్రితం కదిలించిన గాలినే మళ్ళీ ఢీకొంటుంది. దీనివల్ల కొత్త ఊపు మొదట్లోనే ఒక బలపు శిఖరం పుడుతుంది. పై సూత్రాలు ఏవీ గత క్షణాన్ని గుర్తుంచుకోవు కాబట్టి ఈ శిఖరాన్ని పట్టుకోలేవు.

1973లో జీవశాస్త్రవేత్త వైస్-ఫో ఎన్‌కార్సియాలో వర్ణించిన పద్ధతి రెండోది. రెండు రెక్కలూ వీపు మీద చప్పట్లు కొట్టినట్టు కలిసి, ముందంచుల నుంచి విడివడి తెరుచుకుంటాయి. మీ కీటకం రెక్కలు ఊపు చివర దాదాపు తాకుతుంటే ఈ లెక్క లిఫ్ట్‌ను తక్కువ చేసి చూపుతుంది.

దోమ ఇంకా కఠినమైన సందర్భం. క్యూలెక్స్ దోమ ఊపు కోణం 40 డిగ్రీల చుట్టూ మాత్రమే ఉంటుంది, అంటే ఊపు మధ్య భాగం పొట్టిగా, తిరుగుడు భాగం పెద్దగా ఉంటుంది. అక్కడ వెనకంచు దగ్గరి సుడి, తిరుగుడు బలం గణనీయమైన వాటా తీసుకుంటాయి. 230 హెర్ట్జ్ దగ్గర సుమారు 90 డిగ్రీల ఊపుతో ఎగిరే తేనెటీగ ఈ రెండింటికీ నడుమ నిలుస్తుంది.

11. సరిచూపు

□ సగటు నిలువు బలం బరువుకు 15–20 శాతం లోపు దగ్గరగా ఉందా?
□ సగటు అడ్డం బలం సున్నాకు దగ్గరగా ఉందా?
□ ఊపు మధ్యలో మొత్తం బలం రెక్క తలానికి దాదాపు లంబంగా ఉందా?
□ ఎడమ, కుడి రెక్కలు విడివిడిగా లెక్కిస్తే ఒకేలా వస్తున్నాయా?
□ అనుస్వరాల సంఖ్యను ఒకటి పెంచినా, తగ్గించినా సగటు బలం నిలకడగా ఉందా?

పై ఉదాహరణలో అటాక్ యాంగిల్ అంతటా 45 డిగ్రీలే అనుకుంటే లిఫ్ట్ 1.8 × 5.9, అంటే సుమారు 10.6 మైక్రోన్యూటన్లు. 9.8 బరువుకు ఇది కొంచెం ఎక్కువ. ఊపు చివర్లలో కోణం మారడం వల్ల నిజమైన సగటు దీనికంటే కాస్త తగ్గుతుంది, కాబట్టి ఈ ఫలితం ఆరోగ్యకరమైనదే.

సరిపోనప్పుడు ఎక్కడ వెతకాలన్నది కూడా ఒక వరుసలో సాగాలి.

లిఫ్ట్ బరువులో సగమే వస్తే, రెండు రెక్కల బదులు ఒకే రెక్క వైశాల్యం పెట్టారేమో చూడండి.

దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ లేదా తక్కువ వస్తే, ఊపు కోణం మొత్తాన్ని వాడవలసిన చోట సగం వాడారు, లేదా సగం వాడవలసిన చోట మొత్తం వాడారు. పౌనఃపున్యంలో రెండో అనుస్వరాన్ని తీసుకున్నా ఇదే లక్షణం కనిపిస్తుంది.

వేల రెట్లు ఎక్కువ వస్తే, ఊపు కోణం డిగ్రీల్లోనే ఉండిపోయింది.

పదిహేను ఇరవై శాతం తేడా ఉంటే మొదట క్యాలిబ్రేషన్, తర్వాత ఊపు కోణం చూడండి. 140 డిగ్రీల ఊపులో 5 డిగ్రీల తప్పు బలంలో సుమారు 7 శాతం అవుతుంది.

సగటు బాగున్నా అడ్డం బలం సున్నాకు రాకపోతే, ఊపు తలం వాలును తప్పుగా కొలిచి ఉంటారు, లేదా కీటకం నిజంగానే జరుగుతూ ఉండవచ్చు.

గుణకాన్ని కొద్దిగా పెంచి లిఫ్ట్‌ను బరువుతో సరిపెట్టడం మాత్రం చేయవద్దు. అలా చేస్తే మీ దగ్గరున్న ఒకే ఒక్క స్వతంత్ర సరిచూపును చేజేతులా పోగొట్టుకుంటారు. సగటు సరిపోయినంత మాత్రాన క్షణక్షణ బలం కూడా సరైనదని అర్థం కాదు. తిరుగుడు వేళ తప్పుగా ఉన్నా రెండు అర్ధ ఊపుల్లో తప్పులు ఒకదాన్నొకటి కప్పేసుకోవచ్చు.

12. క్షణక్షణ బలం నిజంగా కావాలంటే

అప్పుడు పెద్ద నమూనాతో కొలవడమే దారి. రేనాల్డ్స్ సంఖ్య, కోణాలు మారే తీరు, రెక్క ఆకారం ఒకేలా ఉంచితే గుణకాలు కూడా ఒకేలా ఉంటాయి. రెక్కను వంద రెట్లు పెంచి 25 సెంటీమీటర్లు చేసి, గాలి కంటే సుమారు ఏడున్నర రెట్లు కినమాటిక్ స్నిగ్ధత గల ఖనిజ తైలంలో ముంచితే, పై ఈగ ఊపును 0.15 హెర్ట్జ్ దగ్గర, అంటే ఒక్కో ఊపుకు సుమారు 6.7 సెకన్లు తీసుకుని నెమ్మదిగా నడపవచ్చు.

ఈ మార్పులో బలం, సాంద్రతను కినమాటిక్ స్నిగ్ధత వర్గంతో గుణించిన లబ్ధానికి అనులోమంగా పెరుగుతుంది. తైలం సాంద్రత ఘనపు మీటరుకు 880 కిలోగ్రాములైతే ఆ నిష్పత్తి సుమారు 41,000. ఈగ రెక్క మీద 5 మైక్రోన్యూటన్ల బలం నమూనా రెక్క మీద సుమారు 0.2 న్యూటన్లు అవుతుంది. మామూలు స్ట్రెయిన్ గేజ్ సెన్సర్ దీన్ని హాయిగా కొలుస్తుంది.

ముందుగా నమూనాను గాలిలో అదే ఊపుతో నడిపి, గురుత్వం, జడత్వం వల్ల సెన్సర్ చూపే విలువను విడిగా నమోదు చేసుకుని, తైలంలో కొలిచిన దాని నుంచి తీసివేయండి. తైలంలో రెక్క మీద పనిచేసే ఉత్ప్లవనాన్ని కూడా సవరించాలి. మొదటి ఊపు నిశ్చల తైలంలో సాగుతుంది కాబట్టి దాన్ని సగటులో కలపకుండా, నాలుగైదు ఊపులు నడిచాక బలం ఒకే తీరుగా పునరావృతం కావడం మొదలైన తర్వాతి ఊపులనే తీసుకోవాలి. మొదటి ఊపును మాత్రం పారేయకండి. అందులో పాత గాలిని ఢీకొనే ప్రభావం లేదు కాబట్టి, తర్వాతి ఊపుల బలం నుంచి దాన్ని తీసివేస్తే పదో దశలో చెప్పిన ఆ శిఖరం ఎంత పెద్దదో విడిగా బయటపడుతుంది.